పెద్దాయన్ని ఆఖర్న ఆపాలి

మా ముత్తాత ఏడూళ్ళలో మొదటి తాంబూలం అందుకున్న మనిషి. జలంత్రకోట వైపు నుంచి సముద్రపు ఇసుక దాకా ఆయన కొబ్బరితోటలు ఉండేవంటే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి, కాగితాలు నేను చూశాను. మా తాత అమ్మవారి అనుపు రోజున అరుగు మీద నిలబడి, ఏ ఇంటి ఘటం వెనక ఏ ఇంటి ఘటం నడవాలో పిలిచేవాడు. సంబరాలు ముగిసి అమ్మవారిని సాగనంపే ఆ ఊరేగింపులో ఆయన నోటి పిలుపు లేకుండా ఒక్క కుండ గడప దాటేది కాదు. అన్నిటికన్నా ముందు మా ఇంటి ఘటం, పెద్దది కాబట్టి. ఆ వెనక వయసులో పెద్ద ఇళ్ళు, చిట్టచివర నిన్నమొన్న ఊళ్ళోకి వచ్చినవాళ్ళు. మా నాన్న పలాసలో జీడిపప్పు మిల్లు పెట్టాడు. తెల్ల పంచె, భుజాన కండువా లేకుండా ఆయన బాయిలర్ దగ్గరికి కూడా వెళ్ళగా ఎవరూ చూడలేదు.

ఈ ముగ్గురి తర్వాత నేను. నా ఏలుబడిలో చివరికి మిగిలింది మిల్లు మేడ మీద ఒక గది, ఆ గదిలో ఒక సర్వర్.

సర్వర్ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. చూడ్డానికి అది పడుకోబెట్టిన ఇనప పెట్టె. దాని లోపల నాలుగు కంప్యూటర్లు ఉంటాయి, ఒక్కొక్కటీ తాను విడి యంత్రమనుకునే పనిచేస్తుంది. వాటిని వర్చువల్ మెషీన్లంటారు. వాటన్నిటినీ కడుపులో పెట్టుకున్న పెట్టెని హోస్ట్ అంటారు. హోస్ట్‌కి కరెంటు పోయిందా, నాలుగూ ఒక్కసారే పోతాయి, రాస్తున్న మాట మధ్యలో చేతిలో కలం లాక్కున్నట్టు. అందుకే దాన్ని ఆపడానికి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి నాకు బాగా తెలుసని చాలా ఏళ్ళు అనుకున్నాను.

మిల్లు బాగా నడిచిన రోజుల్లో నేనే పట్టుబట్టి తెప్పించాను దాన్ని. మిల్లు మూతపడ్డాక టెక్కలిలో ఒక డయాలిసిస్ కేంద్రం తమ రోగుల రికార్డులు దానిలో పెట్టుకుంటోంది. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నాలుగు మెషీన్లకీ నేను మా ఇంటి వరసలే పెట్టాను. ఎవరు లోపలికి రావచ్చో, ఎవరు రాకూడదో తేల్చేది పెద్దాయన. రికార్డులన్నీ దాచేది మావ. వాటిని నర్సుల తెర మీద చూపించేది బావ. రోజూ నకలు తీసి పక్కన పెట్టేది తమ్ముడు. మావని అడగకుండా బావ ఒక్క ముక్క చెప్పలేడు. పెద్దాయన ఒప్పుకోనిదే మావ తలుపు తియ్యడు. కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ మూడో వంతుకి దిగితే, నేను దగ్గర లేకపోయినా అవి ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయేలా ఒక జాబితా కూడా రాసి పెట్టాను. అయిదేళ్ళలో ఆ జాబితాతో పని పడలేదు. హోస్ట్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ మాట నలుగురికీ చెప్పుకునేవాణ్ణి.

మిల్లు కొన్నది ఒకప్పుడు మా నాన్న దగ్గర బాయిలర్ చూసిన మేస్త్రి. పెద్ద మిషన్లు పెడుతున్నాడు కాబట్టి స్తంభం నుంచి కొత్త లైను వేయిస్తున్నాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కరెంటు తీయించుకోమని ముహూర్తం పెట్టినట్టు నేనే చెప్పాను. ఆ లోపల సర్వర్‌ని ఆపి, టెక్కలి పంపించాలి. ఇకమీదట అది డయాలిసిస్ కేంద్రంలోనే ఉంటుంది.

దాన్ని తీసుకెళ్ళడానికి ఆ కేంద్రంలో పనిచేసే టెక్నీషియన్ అమ్మాయి రెండు పాత బొంతలు పట్టుకుని ఆటోలో మధ్యాహ్నం రెండింటికే వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. సంతబొమ్మాళి దగ్గర సముద్రపొడ్డున వాళ్ళ ఊరు, వాళ్ళ నాన్న చేపల వేటకి వెళ్ళే మనిషి. ఆ గదిలో మేస్త్రి రెండు కొత్త ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. ఆ అమ్మాయి ఒకదానిలో కూర్చుంది. నేను కూర్చోలేదు. మా నాన్న గదిలో ఇంకొకరు వేసిన కుర్చీలో కూర్చోవడం నాకు చేతకాదు.

"కూకోండి సార్, ఎంతసేపని నిలబడతారు?" అంది.

"నాకు అలవాటే."

"మా నాన్నా ఇలగే అంటారు. తెప్ప మీద నిలబడి నిలబడి ఒడ్డున కూడా కూకోరు. ఇప్పుడు మిషన్ కాడ నాలుగ్గంటలు పడుకోబెడితే మంచాన్ని తిడతన్నారు."

వాళ్ళ నాన్నకి వారానికి మూడుసార్లు డయాలిసిస్. సోమవారం పొద్దున్న మొదటి బ్యాచ్‌లో ఆయన మంచం. శనివారం విశాఖపట్నం నుంచి పెద్ద డాక్టరు వచ్చి ముప్పై మందిని చూసి, చాలామందికి డ్రై వెయిట్ మార్చి వెళ్ళాడు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు మనిషి ఎంత బరువు తూగాలో అదే డ్రై వెయిట్. మిషన్ ఎంత నీరు లాగాలో దాన్ని బట్టే చెబుతారు. ఎక్కువ లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, మనిషి కళ్ళు తేలేస్తాడు.

"మా నాన్నకి పోయిన వారం అదే అయింది సార్. ఒళ్ళు చేసీసినారు, పాత బరువుకి లాగీసినాం. శనివారం డాక్టరుగారు మార్చేరంట. నాకు ఆ రోజు డ్యూటీ నేదు. ఎంతకి మార్చేరని అడిగితే 'ఏదో అన్నాడే' అంటన్నారు."

"మావ దగ్గర ఉంటుంది," అన్నాను తెర చూపించి. "శుక్రవారం దాకా నకలు ఉంది. శనివారానిది ఇప్పుడు తీస్తున్నాను. అది అయ్యాక నెమ్మదిగా ఆపుదాం."

తమ్ముడు నకలు తీయడం మొదలుపెట్టాడు. తెర మీద పచ్చగీత పాకుతోంది. సగం దాటింది. రెండూ నలభై అయింది.

ఫ్యాన్ ఆగిపోయింది. యూపీఎస్ కుయ్యిమంది.

ఒక్క అంగలో కిటికీ దగ్గరికి వెళ్ళాను. స్తంభం మీద లైన్‌మన్ ఉన్నాడు. కింద మేస్త్రి కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, కళ్ళకద్దుకుంటున్నాడు.

"మేస్త్రీ! ఏమిటిది? నాలుగింటికని కదా అన్నాను!"

"నాలుగున్నరకి రాహుకాలం బాబూ!" కిందినుంచి అరిచాడు. "ఆదివారం! నాలుక్కి ఇప్పితే కలిపేతలికి రాహుకాలం ఒచ్చీదేటి? తమరింటోళ్ళే కదా ఊరికంతా ముహూర్తాలు పెట్టినోళ్ళు, తమరు మర్సిపోనారని నా నోటితో అంటే బాగోదని, నానే ముందుకి జరిపించీసినాను!"

నా చెవులు వేడెక్కాయి. ఆదివారం రాహుకాలం ఎప్పుడో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా తాత మనవడు మరిచిపోయాడు. ఆ తప్పు ఎత్తి చూపడం మర్యాద కాదని మేస్త్రి ఊరుకున్నాడు. ఎంత మర్యాదగా కరెంటు తీసేశాడు!

"మళ్ళీ కలపమను!"

"జంపర్లు తీసీసి తీగ దించీసినాడు బాబూ. గంటన్నర పడతాది. ఏటయింది?"

ఏమయిందో చెప్పే తీరిక లేదు. మిల్లు జనరేటర్ ముందటేడే అమ్మేశాం. యూపీఎస్ తెర ఇరవై రెండు నిమిషాలని చూపిస్తోంది, కానీ అయిదేళ్ళ బ్యాటరీ చెప్పే నిమిషాలని నమ్మకూడదు.

"సార్," అంది అమ్మాయి లేచి నిలబడి. "శనివారానిది?"

"అయింది సగమే."

"అంటే మా నాన్నది?"

"మావ దగ్గరే ఉంది. మావ క్షేమంగా ఆగితే ఉంటుంది. మధ్యలో కరెంటు పోతే చెప్పలేను."

అలా చెప్పి, ఎందుకైనా మంచిదని అయిదేళ్ళనాటి ఆ జాబితా తెరిచాను. చూసి కొయ్యబారిపోయాను. ఒకటి, పెద్దాయన. రెండు, మావ. మూడు, బావ. నాలుగు, తమ్ముడు.

రాసింది నేనే. అది రాసిన రోజు నాకు గుర్తే. పెద్దవాళ్ళని ముందు గౌరవంగా సాగనంపాలని, మా తాత ఘటాలని పిలిచిన వరసలోనే రాశాను. రాసుకుని మురిసిపోయాను కూడా. బ్యాటరీ మూడో వంతుకి దిగగానే ముందు పెద్దాయన వెళ్ళిపోతాడు. తలుపు దగ్గర మనిషి లేక మావ బిక్కచచ్చిపోతాడు. మావ చేతిలో రికార్డు పట్టుకుని ఉండగానే ఆగిపోతాడు. ఏమీ తెలియని బావ ఖాళీ గదిలో కేకలు వేస్తుంటాడు.

మేస్త్రి మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. చేతిలో కొబ్బరిచిప్ప అలాగే ఉంది. తెర వంక, నా ముఖం వంక చూశాడు.

"ఏటి బాబూ ఇది?"

"కరెంటు పోతే ఒకదాని తర్వాత ఒకటి ఆగే వరస."

వేలితో పై నుంచి కిందికి చదివాడు. "పెద్దాయన ముందెల్లిపోతాడా? ఇది అనుపు ఒరస కాదేటి?"

"అవును."

"ఎవులు రాసినారు?"

ఆ గదిలో ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు అంతకు ముందు లేరు. "నేనే," అన్నాను.

మేస్త్రి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "అనుపులో పెద్ద గటం ముందెల్తాది బాబూ. బాయిలర్ కాడ అలగ సేత్తే మనిసి మిగల్డు. ముందు గింజలుడికే కుక్కర్లకెల్లే వాల్వులు కట్టాల. ఆవిరి తాగీవోళ్ళందరూ ఆగినాక, ఆఖర్న బాయిలరు. మీ నాన్నగారు నాకు సెప్పిందే కదా."

మా నాన్న నాకు అది చెప్పలేదు. నేను బాయిలర్ దగ్గరికి వెళ్ళిందీ లేదు, మసి అంటుతుందని.

జాబితా మొత్తం తీసేశాను. ఇక అవి వాటంతట అవి ఆగవు. బ్యాటరీ అయిపోతే అడ్డు పడేది ఏదీ లేదు. ఉన్నది నా చెయ్యి ఒక్కటే. భయపడాల్సిన సమయం, కానీ నిజం చెప్పాలంటే నా ఒళ్ళంతా ఏదో ఉరవడి నిండిపోయింది. ఎన్నో ఏళ్ళుగా నాకు దక్కినవి అమ్మకాలూ సంతకాలే. ఇప్పుడు చెయ్యడానికి ఒక పని దొరికింది, అది సరిగ్గా చెయ్యాలి, నేనే చెయ్యాలి!

"తమ్ముడు ముందు," అన్నాను. సగంలో ఉన్న నకలు రద్దు చేసి, తమ్ముణ్ణి ఆపాను. పచ్చదీపం బూడిదరంగయింది.

"తమ్ముడు పడుకున్నాడు," అంది అమ్మాయి.

"ఇప్పుడు బావ." ఆపే ముందు బావ దగ్గర ఎవరున్నారో చూడాలి. చూస్తే ఒకరున్నారు. టెక్కలిలో ఎవరో తెర తెరిచి రాస్తున్నారు. ఆదివారం ఎవరూ ఉండరనుకున్నాను.

అమ్మాయి అప్పటికే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టేసింది. "ఎవులే తెర తీసి ఉంచీసినారు?"

"నానే అక్కా," అంది అవతల నర్సు. "ఆయాసంతో ఒకావిడొచ్చింది, మిషన్ మీద పెట్టీసినాం. రాత్తన్నాను."

"రాసింది సేవ్ చేసి బయటికొచ్చీయే."

"ఇంకా రెండు గడులున్నాయక్కా."

"ఆ రెండూ కాగితం మీద రాసుకో."

"కాగితమా? ఇక్కడ కాగితం ఎక్కడుందక్కా, అన్నీ కంప్యూటరే అని నువ్వే కదా దాచీసినావు!"

"సెయ్యి మీద రాసుకోవే తల్లీ! పెన్నుందా, అదీ దాచీసినానా?"

యూపీఎస్ తెర మీద పద్నాలుగు నిమిషాలు ఉన్నట్టుండి ఆరయింది. కుయ్యి కుయ్యిమని ఊపందుకుంది.

మేస్త్రి తెర మీద ఇంకో మీట చూపించాడు. "ఆ ఎర్రది నొక్కీరాదేటి బాబూ? ఠక్కునాగిపోద్ది."

"అది బిగుసుకుపోయినదాన్ని చంపడానికి. నడుస్తున్నదాని మీద వాడకూడదు." నా వేలు మాత్రం దాని దగ్గరే ఉంది. ఆ రెండు మీటలూ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి 'పని ముగించుకుని పడుకో' అంటుంది. రెండోది నోరు నొక్కేస్తుంది. అవతల నర్సు రాస్తున్నది ఎవరో ఒక మనిషి ఒంటి నీటి లెక్క. వేలు వెనక్కి తీసుకున్నాను.

"అయిపోయిందక్కా! బయటికొచ్చీసినాను! మోచేతి దాకా రాసీసుకున్నాను!"

బావ దగ్గర ఎవరూ లేరు. షట్‌డౌన్ నొక్కాను. ఒకటి, రెండు, మూడు... దీపం బూడిదరంగు.

"బావ పడుకున్నాడు!" అమ్మాయి గొంతు కీచుమంది.

"మావ." నొక్కాను. మావ తొందరపడలేదు. చేతిలో ఉన్నవన్నీ డిస్కు మీద రాసి పెట్టుకుని గానీ వెళ్ళడు. అదే మంచిది, అయినా ఆ ఆలస్యం భరించలేకపోయాను. యూపీఎస్ నాలుగు నిమిషాలంది. తెర మీద మాటలు నమ్మకం లేక, సర్వర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని డిస్కు దీపాలని చూశాను. అవి మిణుకుమిణుకుమంటూనే ఉన్నాయి. రాస్తున్నాడు. ఇంకా రాస్తున్నాడు. నా పక్కన ఇటు మేస్త్రి, అటు ఆ అమ్మాయి కూడా మోకాళ్ళ మీదే ఉన్నారని తర్వాత గమనించాను.

"మావా, తొందరగా తెమిలీ మావా," అంటోంది అమ్మాయి లోగొంతుతో. "నీకు దండం పెడతాను, మా నాన్న బరువు ఎక్కడా పడీకు."

"అరవకు పాపా," అన్నాడు మేస్త్రి. "ఆవిరి దిగినప్పుడు మాటాడకూడదు."

మిణుకులు ఆగాయి. లేచి తెర చూశాను. మావ దీపం బూడిదరంగు. తప్పు ఒక్కటీ చూపించలేదు.

"పడుకున్నాడు," అన్నాను.

ఆఖర్న పెద్దాయన. ఇక ఎవరూ ఆయన్ని అడగడానికి లేరు, ఆయన వెంటనే వెళ్ళిపోయాడు. నాలుగు దీపాలూ బూడిదరంగు. అప్పుడు హోస్ట్‌కి చెప్పాను. లోపలి పంకాలు ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసి, నెమ్మదించి, ఆగిపోయాయి. ముందరి దీపం ఆరిపోయింది. అయిదేళ్ళుగా ఆ గదిలో ఉన్న హోరు ఆగాక, స్తంభం మీద లైన్‌మన్ ఈలపాట వినిపించింది. ఇంకా కూస్తున్న యూపీఎస్‌ని అది చచ్చేలోపల నేనే ఆపాను. నిమిషమున్నర మిగిలి ఉంది.

మేస్త్రి కొబ్బరి ముక్క కొట్టి నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను.

"మీరూ కూర్చోండి," అన్నాను మేస్త్రితో.

ఆయన ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. "నాను నిలబడతానులే బాబూ," అన్నాడు. తర్వాత గడప మీద కూర్చున్నాడు.

తీగలు విప్పి, ప్రతిదానికీ కాగితం ముక్క అంటించి, సర్వర్‌ని రెండు బొంతల్లో చుట్టి ఆటోలో పెట్టాం. అమ్మాయి దాన్ని ఒళ్ళో సగం మోస్తూ కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా "నిమ్మదిగా అన్నా, లోపల పెద్దోళ్ళున్నారు," అని ఆటోవాణ్ణి కేకలేసింది. టెక్కలి చేరేసరికి అయిదున్నర. కేంద్రంలో దాన్ని బల్ల మీద పెట్టి తీగలన్నీ కలిపాను. మీట మీద వేలు పెట్టేసరికి అమ్మాయి గడియారం చూసింది.

"రాహుకాలం ఆరు దాకా ఉంది సార్. ఇప్పుడే నొక్కేత్తారా?"

మధ్యాహ్నం ఒకసారి మరిచిపోయినవాణ్ణి. రెండోసారి మరిచిపోకూడదు. ఆ అరగంట అక్కడున్న అందరం సర్వర్ చుట్టూ నిలబడి దాన్నే చూశాం. నర్సు మోచేతి రాతలు చెమటకి చెరిగిపోకుండా చెయ్యి ఎత్తి పట్టుకుంది.

ఆరూ ఒకటి. నొక్కాను. హోస్ట్ లేచింది. ఈసారి పెద్దాయన ముందు. ఆయన తలుపు దగ్గర కూర్చున్నాక మావ. మావ అన్నీ సర్దుకున్నాక బావ. అమ్మాయి తెర ముందు కూర్చుని తండ్రి పేరు కొట్టింది. గడి తెరుచుకుంది. శుక్రవారం యాభై రెండు కిలోలు. శనివారం యాభై నాలుగున్నర.

"రెండున్నర కిలోలు," అంది. "అంత కండ పెట్టీసినారు, మేం నీరనుకొని లాగీసినాం." తర్వాత నర్సు చెయ్యి లాక్కుని ఆ రెండు గడులూ నింపింది.

సోమవారం నేను అక్కడే ఉన్నాను. ఉండాల్సిన పని లేదు, ఉన్నాను. వాళ్ళ నాన్న నాలుగ్గంటలూ పడుకుని, బీపీ పడకుండా, తన కాళ్ళ మీద తాను లేచి, మంచాన్ని ఒకసారి తిట్టి వెళ్ళాడు. సర్వర్ ఎవరిదని అడిగితే కూతురు నన్ను చూపించింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆ మిల్లోరి బాబా? సూత్తే అలగే ఉన్నారు, నిటారుగా," అన్నాడు.

మిల్లు స్థలం, షెడ్డు, బాయిలర్, మేడ మీది గది మేస్త్రికి రాసి ఇచ్చాం. సర్వర్‌ని, యూపీఎస్‌ని, తీగలతో సహా, ఆ వారంలోనే డయాలిసిస్ కేంద్రానికి అమ్మేశాను.